పెద్దవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్, ఎడతెగని ఎదురుచూపులు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు అడిగే ప్రశ్నలు

ఆటిజం గురించి తెలుగులో దొరికేదంతా దాదాపు చిన్నపిల్లల గురించే. రెండేళ్లు దాటినా మాటలు రాలేదు, పిలిస్తే పలకడు, బొమ్మలన్నీ వరసగా పేరుస్తాడు, ఇలాంటివి. పాతికేళ్ల అమ్మాయికో నలభై ఏళ్ల ఉద్యోగస్తుడికో "నాది కూడా ఇదేనేమో" అనిపిస్తే ఎక్కడికి వెళ్లాలో, ఎందుకింత ఆలస్యమవుతుందో, ఈలోగా ఏం చేయాలో చెప్పేవాళ్లు దొరకరు. మా తమ్ముడికి ముప్పై దాటాక ఆటిజం అని తేలింది. ఆ కాగితం చేతికొచ్చేలోపు తెలుసుకున్నవి, ఆ తర్వాత మా వైపు కుటుంబాలు ఫోన్ చేసి అడుగుతున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఆటిజం ఉందో లేదో పరీక్షించి తేల్చడం (అసెస్‌మెంట్ అంటే అదే), మందులు రాయడం డాక్టర్ల పని.

ముప్పై ఏళ్లు వచ్చాక కొత్తగా ఆటిజం వస్తుందా?

రాదు. పుట్టుకతో ఉండేదే, మెదడు ఎదిగే తీరులోనే ఉంటుంది. కాకపోతే చిన్నప్పుడు ఎవరూ గుర్తుపట్టకపోవచ్చు. డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 అనే ప్రమాణ గ్రంథం 2013లో వచ్చింది. లక్షణాలు చిన్నతనంలోనే మొదలవుతాయనీ, అయితే బతుకులో బాధ్యతలు, మనుషులతో వ్యవహారాలు పెరిగేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చనీ అందులోనే ఉంది. స్కూల్లో ఒక బెంచీ, ఒక టైంటేబుల్, ఇంట్లో అమ్మ కనిపెట్టుకుని చూసుకోవడం: వీటితో నెట్టుకొచ్చిన మనిషి హాస్టల్‌కో, ఉద్యోగానికో, పెళ్లయి కొత్త ఇంటికో వెళ్లగానే కూలబడిపోవడం చాలామంది విషయంలో చూస్తాం.

1990ల్లో మన పల్లెల్లో దీన్ని గుర్తుపట్టే అవకాశమే లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజానికి చోటు దొరికింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో దాన్ని చేర్చింది. 1990లో టెక్కలిలోనో బొబ్బిలిలోనో పుట్టిన మనిషికి బడి వయసులో నిర్ధారణ జరగలేదంటే అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు.

ఏం చూసి అనుమానపడాలి?

ఒక్క లక్షణం చూసి అనుకోకూడదు. రెండు రకాలవీ చిన్నప్పటినుంచీ ఉండాలి. ఒకటి, మనుషులతో మాటా మంచీ కలపడంలో ఇబ్బంది. రెండు, మార్పు పడకపోవడం, ఒకే విషయం మీద గాఢమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ మితిమీరి తగలడం లాంటివి.

మన జీవితంలో ఇవి ఎలా కనబడతాయో చెబుతాను. పైడితల్లి సిరిమానోత్సవం రోజున విజయనగరం మూడు లాంతర్ల దగ్గర జనం మధ్య నిలబడితే అందరికీ ఉక్కిరిబిక్కిరిగానే ఉంటుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తే సరి. మా తమ్ముడు ఆ తర్వాత రెండు రోజులు గది తలుపు తీసేవాడు కాదు. పెళ్లి భోజనాల్లో పక్కవాడి మోచెయ్యి తగులుతుంటే అన్నం సయించదు. "ఏటి బాబూ, ఎప్పుడొచ్చావు?" అని వీధిలో ఎవరో పలకరిస్తే అది పలకరింపే అనిపించదు, ప్రశ్నలాగే వినిపిస్తుంది. తేదీ, టైము, బస్సు పేరు, అన్నీ చెబుతాడు. ఫోన్ చేయాలంటే ముందు మాటలు కాగితం మీద రాసుకుంటాడు. ఎదుటివాళ్లు విసుగ్గా ఉన్నారని ముఖం చూసి పసిగట్టలేడు, కానీ వాళ్లు కేకలేస్తే రోజులతరబడి కుమిలిపోతాడు.

ఆడపిల్లల సంగతి వేరు. పక్కమ్మాయి ఎలా నవ్వుతోందో, చేతులెలా తిప్పుతోందో చూసి అచ్చం అలాగే చేయడం నేర్చేసుకుంటారు. బయటికి నెమ్మదస్తురాలు, సిగ్గరి అంటారు. ఇంటికొచ్చాక మంచం మీద పడి లేవలేదంటే "బద్ధకం" అంటారు. ఆటిజాన్ని ఎక్కువగా గుర్తుపట్టలేకపోయేది వీళ్ల విషయంలోనే అని నా నమ్మకం.

ఆన్‌లైన్‌లో టెస్టు చేశాను, ఎక్కువ మార్కులొచ్చాయి. ఆటిజం ఉన్నట్టేనా?

కాదు. ఏక్యూ-10 అని పది ప్రశ్నలది ఒకటుంది, అందులో ఆరు లేదా ఆపైన వస్తే పూర్తి అసెస్‌మెంట్‌కు పంపమని డాక్టర్లకు సూచన. రాడ్స్-ఆర్ అనేదాంట్లో 80 ప్రశ్నలు. ఇవి జల్లెడ పట్టడానికి మాత్రమే. ఆందోళన జబ్బు, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని స్థితి) ఉన్నవాళ్లకు కూడా వీటిలో మార్కులు ఎక్కువ రావచ్చు. పైగా ఇంగ్లిషులో ఆలోచించే సమాజం కోసం రాసిన ప్రశ్నలు. అయినా ఆ ఫలితం ప్రింటు తీసుకుని డాక్టరుకు చూపించండి, మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది. "నాకు ఆటిజం ఉంది" అని కాకుండా "దీని గురించి పరీక్ష చేయించుకోవాలనుకుంటున్నాను, నా ఇబ్బందులు ఇవి" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు వింటారు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు సైకియాట్రీ ఓపీ. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది, ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే అంటారు. రాగోలు దగ్గర జెమ్స్ వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది. విశాఖ వెళ్లగలిగితే కేజీహెచ్, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. చినవాల్తేరు పేరు చెప్పగానే ఇంట్లో ముఖాలు మారిపోతాయి. ఆ గేటు దాటితే పిచ్చివాడి ముద్ర పడుతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. అక్కడ ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లే ఎక్కువ. భయపడి ఆగిపోకండి.

రాష్ట్రం దాటితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, బెంగళూరులో జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నాయి. మన దేశంలో వాడే ఆటిజం కొలమానం ఐఎస్ఏఏ తయారైంది ఆ సికింద్రాబాద్ సంస్థలోనే.

బస్సెక్కే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి. పెద్దవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా? క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా, ఏయే రోజుల్లో ఉంటారు? చివర్లో రాతపూర్వక రిపోర్టు ఇస్తారా? ఈ మూడూ తెలియకుండా ఇచ్ఛాపురం నుంచి తెల్లవారుజామున బయల్దేరి విశాఖ దాకా వెళ్లి, "మేడం సెలవులో ఉన్నారు, వచ్చే వారం రండి" అనిపించుకుని వెనక్కి రావడం చాలా బాధాకరం. ఛార్జీల సంగతి అలా ఉంచి, అంత దూరం హోరులో ప్రయాణం చేసిన మనిషి మళ్లీ రెండోసారి బయల్దేరతాడా అన్నది అసలు ప్రశ్న.

ఎందుకింత కాలం పడుతోంది?

మన దగ్గర వెయిటింగ్ లిస్టు అంటూ ఒకటి ఉండదు. మీ నంబరు ఇది, ఫలానా నెలలో పిలుస్తాం అని ఎవరూ చెప్పరు. ఎదురుచూస్తున్నామని కూడా తెలియకుండా ఏళ్లు గడిచిపోతాయి. మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద కష్టం ఇదేనని నా అభిప్రాయం. లిస్టు లేదు కాబట్టి ఎంతమంది ఆగిపోయారో ఏ అధికారికీ కనిపించదు. కనిపించని అవసరానికి పోస్టులు మంజూరు కావు.

పిల్లలకైతే ఏదో ఒక దారి ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల వరకు చూస్తుంది, దాని కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు పనిచేస్తాయి. మండలాల్లో బడి పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది నిండిన మర్నాటినుంచి ఆ తలుపులు మూసుకుంటాయి. పెద్దవాళ్లకు మిగిలేది జనరల్ సైకియాట్రీ ఓపీ ఒక్కటే. దేశం మొత్తం మీద లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు, క్లినికల్ సైకాలజిస్టులు అంతకన్నా అరుదు. ఉన్న డాక్టరు ముందు ఒక్క పూటలో మూర్ఛ, మద్యం, నిద్రలేమి, స్కిజోఫ్రీనియా రోగులు బారులు తీరి ఉంటారు. ఒక మనిషి చిన్నతనం మొత్తం తవ్వి తీయడానికి కావలసిన తీరిక ఆ ఓపీలో ఎక్కడినుంచి వస్తుంది?

వీటికి తోడు, మొదటిసారి వెళ్లినప్పుడు డిప్రెషన్ అనో ఆందోళన అనో ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) అనో రాసి మందులిస్తారు. అది తప్పు కాకపోవచ్చు, ఆటిజం ఉన్నవాళ్లలో ఆందోళన, కుంగుబాటు మామూలుకంటే ఎక్కువ. కానీ అక్కడితో వెతకడం ఆగిపోతుంది. మా తమ్ముడి విషయంలో చాలాకాలం పోయింది ఇందువల్లే.

అసెస్‌మెంట్, సదరం సర్టిఫికెట్ రెండూ ఒకటే కదా?

కాదు. అందరూ గందరగోళపడేది ఇక్కడే, కాస్త వివరంగా చెబుతాను.

అసెస్‌మెంట్ అంటే ఆటిజం ఉందో లేదో తేల్చి, ఎందుకలా అనుకుంటున్నారో రాసి ఇవ్వడం. అది మీకు, మీ ఇంటికి, మీ డాక్టరుకు పనికొచ్చేది. సదరం సర్టిఫికెట్ అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం గుర్తించడం. దానికి సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్లాలి, సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు లాంటివాళ్లతో కూడిన బోర్డు చూస్తుంది. 40% లేదా ఆపైన ఉంటేనే ఎక్కువ పథకాలు వర్తిస్తాయి. స్లాట్లు విడుదలైన కాసేపటికే నిండిపోతుంటాయి. అందుకే చాలామంది స్లాటు కోసమే నెలలతరబడి తిరుగుతూ, దాన్నే అసెస్‌మెంట్ అనుకుంటారు. తీరా వెళ్లాక కొద్ది నిమిషాల్లో "ఏమయింది, ఎప్పట్నుంచి?" అని అడిగి పంపేస్తే కుంగిపోతారు.

బోర్డు ముందు కూర్చున్న కాసేపట్లో ముప్పై ఏళ్ల జీవితం బయటపడదు. ముందు నిర్ధారణ, రిపోర్టు. సర్టిఫికెట్ కావాలనుకుంటే ఆ రిపోర్టు పట్టుకుని బోర్డుకు. ఈ రెండు క్యూలను వేర్వేరుగా చూసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. కొందరికి రెండో క్యూలో నిలబడాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

ఇంకో సంగతి. ఐఎస్ఏఏలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు లెక్క. అందులో చాలా అంశాలు పైకి కనిపించే ప్రవర్తన మీద ఆధారపడ్డవి. గడగడా మాట్లాడుతూ, డిగ్రీ చదివి, లోలోపల నలిగిపోతున్న మనిషికి దానిలో మార్కులు తక్కువ రావచ్చు. కాబట్టి బోర్డు శాతం తక్కువ వేస్తే ఆటిజమే లేదని అర్థం చేసుకోకండి.

అసెస్‌మెంట్‌లో ఏం చేస్తారు?

మాట్లాడతారు, గమనిస్తారు, రాసుకుంటారు. చిన్నప్పటి ఎదుగుదల, బడి, స్నేహాలు, ఉద్యోగం, నిద్ర, తిండి, శబ్దాలు, ఆసక్తులు, అన్నీ అడుగుతారు. ఇంట్లోవాళ్లతో విడిగా మాట్లాడతారు. ఐక్యూ పరీక్ష పెట్టొచ్చు. ఏడీహెచ్‌డీ, ఓసీడీ, సామాజిక భయం లాంటివి వేరు చేసి చూస్తారు. ఒక్క పూటలో అయిపోకపోవచ్చు, మళ్లీ రమ్మంటారు. రక్తపరీక్షలోనో ఎమ్మారై స్కానింగులోనో ఆటిజం తేలదు. థైరాయిడ్, మూర్ఛ లాంటివి కావేమోనని చూడటానికి ఆ పరీక్షలు రాస్తే అది వేరు.

చిన్నప్పటి సంగతులు చెప్పడానికి ఎవరూ లేరు. ఎలా?

ఎదురుచూసే కాలంలో మీరు చేయగల అన్నిటికంటే విలువైన పని ఇదే, అందుకే దీనిమీద ఎక్కువ రాస్తున్నాను.

అమ్మ ఉన్నా సరే, ఆసుపత్రిలో సూటిగా అడిగితే సమాధానం రాదు. "చిన్నప్పుడు ఎలా ఉండేవాడమ్మా?" అని డాక్టరు గారు అడిగితే మా అమ్మ ఒకటే మాట: "మా గుంటడు ఎవులి జోలికీ ఎల్లేవోడు కాదండి, బంగారం." కొడుకును డాక్టరు ముందు తక్కువ చేయకూడదన్న తాపత్రయం ఆమెది. కానీ ఎవరి జోలికీ వెళ్లకపోవడమే అక్కడ అసలు సంగతి. ఇంటి దగ్గర, పప్పు ఏరుతున్నప్పుడో పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడో నిదానంగా సంఘటనలుగా అడగండి. బాబాయి పెళ్లిలో ఏం చేశాడు? బ్యాండు మేళం వస్తే ఎక్కడికి పోయేవాడు? సంక్రాంతికి కొత్త చొక్కా వేస్తే? మొదటిరోజు బడికి వెళ్లినప్పుడు? ఏ కూర వండితే పళ్లెం తోసేసేవాడు? మా అమ్మ అలా అడిగితే గంటసేపు చెప్పింది. మెడ దగ్గర గుచ్చుకుంటోందని ప్రతి కొత్త చొక్కాకూ లోపలి లేబుల్ బ్లేడుతో కోసి కుట్టు విప్పేదట. రైళ్ల టైంటేబుల్ పుస్తకం చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించి ఇచ్చేదట. ఆమెకు అవి ఆటిజం లక్షణాలని తెలియదు, మా తమ్ముడి ముచ్చట్లు, అంతే. అవే రాసుకుని వెళ్లాం.

అమ్మానాన్నలు లేకపోతే పెద్దమ్మ, మేనత్త, ఎదురింటి మామ్మ, చిన్నప్పటి మాస్టారు, కలిసి చదివిన స్నేహితుడు, ఎవరైనా పనికొస్తారు. పాత ప్రోగ్రెస్ కార్డులు అటక మీద ఉంటాయి. "తరగతిలో కలవడు", "బాగా చదువుతాడు కానీ నోరు విప్పడు" అని టీచరు రాసిన ఒక్క వాక్యం ఉన్నా దాచండి. పెళ్లి వీడియోల్లో చిన్నపిల్లాడిగా ఎక్కడో మూలన చెవులు మూసుకుని కనిపించవచ్చు. ఏదీ దొరకకపోయినా అసెస్‌మెంట్ ఆగదు, మీకు గుర్తున్నది మీరే రాయండి. అన్నీ కలిపి రెండు పేజీలకు కుదించి, మొదటి పేజీలో ఇప్పటి ఇబ్బందులు, రెండో పేజీలో చిన్నప్పటివి పెట్టండి. లావుపాటి ఫైలు ఓపీలో ఎవరూ తిరగేయరు.

ఈలోగా ఏం చేయాలి? నిర్ధారణ అయ్యేదాకా ఆగాలా?

ఆగొద్దు. నిద్ర పట్టకపోవడం, ఆందోళన, కుంగుబాటు, మూర్ఛ, వీటికి ఆటిజం కాగితం లేకుండానే వైద్యం దొరుకుతుంది. ఇప్పటికే మందులు వాడుతుంటే, "అసలు ఇది ఆటిజమేమో" అనుకుని సొంతంగా మానేయకండి.

ఇంట్లో మార్పులకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. కొట్టుకునే ట్యూబ్‌లైటు మార్చండి. చుట్టాలు వస్తున్నారంటే ముందురోజే చెప్పండి. పండగ రోజున లోపలి గది ఒకటి ఖాళీగా ఉంచి, వెళ్లి కూర్చుంటే ఎవరూ పిలవొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. పని చెప్పేటప్పుడు "కాస్త ఆ సంగతి చూడు" అనకుండా, ఏం చేయాలో ఎప్పటిలోగా చేయాలో చెప్పండి. ఇవి ఆటిజం లేనివాళ్లకైనా చెడు చేయవు.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అసెస్‌మెంట్ గురించి మరిచిపోయి వెంటనే సాయం తీసుకోండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఈ ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒంటరిగా వదలకండి, దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

"ఇంత బాగా మాట్లాడుతున్నావు, నీకు ఆటిజమేంటి?" అన్నారు డాక్టరు. ఇప్పుడేం చేయాలి?

మాకూ ఈ మాట ఎదురైంది. మా తమ్ముడు ఆ గదిలో అడిగినదానికల్లా చక్కగా జవాబిచ్చాడు, ఎందుకంటే ముందురోజు రాత్రంతా ఆ జవాబులు వల్లెవేశాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా నోరు విప్పలేదు. డాక్టరు చూసింది మొదటిది. రెండోది చెప్పాల్సింది మనమే.

మాట్లాడటం, కళ్లలోకి చూడటం, పెళ్లి చేసుకోవడం, ఉద్యోగం చేయడం, ఇవేవీ ఆటిజం లేదనడానికి రుజువులు కావు. గొడవ పడకండి. "ఎందుకు కాదనుకుంటున్నారో ఓపీ చీటీ మీద రాసిస్తారా?" అని మర్యాదగా అడగండి. తర్వాత చూసే డాక్టరుకు అది ఆధారం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద వైద్యం పొందుతున్న వ్యక్తికి తన వైద్య రికార్డులు చూసే హక్కు ఉంది. రెండో అభిప్రాయం తీసుకోవడం డాక్టరును అవమానించడం కాదు. అలాగని నాలుగు చోట్ల కాదన్నాక ఐదోచోట అవుననిపించుకోవడమే పనిగా పెట్టుకోవద్దు.

ఖర్చెంత?

ప్రభుత్వ ఆసుపత్రిలో దారి ఖర్చులే ప్రధానం. ప్రైవేటులో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మొత్తం ఎన్ని సిట్టింగులు, రిపోర్టుకు విడిగా తీసుకుంటారా అని మొదటే అడిగి, చెప్పింది రాసుకోండి. ఎంత ఎక్కువ కడితే అంత గట్టి రిపోర్టు అనేమీ లేదు.

ఎవరిని నమ్మాలి?

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసినవాళ్లు. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని నంబరు అడగడం తప్పు కాదు, మండలి వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లు ఆటిజం నిర్ధారించలేరు.

"నయం చేస్తాం" అన్నవాళ్ల దగ్గర ఆగకండి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స అని లక్షలు అడుగుతారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతావాటికి మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనల్లోనే వాడాలి, దాన్ని చికిత్సగా అమ్మకూడదు. పొలం అమ్మి ఆ దారి పట్టిన ఇళ్లున్నాయి. దయచేసి వద్దు.

మా అన్నయ్య రానంటున్నాడు. బలవంతంగానైనా తీసుకెళ్లాలా?

వద్దు. పెద్దమనిషి, ఆయన ఇష్టం. అబద్ధం చెప్పి, గుడికని బయల్దేరదీసి ఆసుపత్రిలో దించితే ఆయన మిమ్మల్ని మళ్లీ నమ్మడు. "నీలో ఏదో లోపముంది" అని మొదలుపెట్టకుండా, ఆయన్ను ఇబ్బంది పెడుతున్నది ఏదైతే ఉందో, నిద్రో, ఆఫీసులో గొడవో, దానితో మొదలుపెట్టండి. ఆసుపత్రిలో ఏ గది, ఎంతసేపు, ఎవరు అడుగుతారు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చా అన్నది ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. అప్పటికీ వద్దంటే ఇంట్లో మార్పులు మీరు చేయండి, వాటికి ఆయన ఆసుపత్రికి రానక్కర్లేదు.

పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. ఆగాలా? చెప్పాలా?

ఆటిజం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లున్నారు. కానీ పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్న మాట మాత్రం నమ్మకండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిమిషం ఒంటరితనం దొరకని మొదటి నెలలు, వీటన్నిటినీ ఒక్కసారిగా మీద పడేస్తే మనిషి నలిగిపోతాడు, వచ్చిన అమ్మాయి కూడా నలిగిపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: అసెస్‌మెంట్ పూర్తయ్యేదాకా ముహూర్తం పెట్టకండి. అవతలివాళ్లకు చెప్పే సంగతి పెళ్లి చేసుకోబోయే మనిషి నిర్ణయించుకోవాలి, పెద్దలు కాదు. దాచి చేస్తే మాత్రం అవతలి పిల్లకు అన్యాయం చేసినట్టే.

సర్టిఫికెట్ వల్ల లాభాలేంటి?

40% లేదా ఆపైన ఉంటే రాష్ట్ర ప్రభుత్వ దివ్యాంగ పింఛను, 2024లో దాన్ని నెలకు 6,000 రూపాయలు చేశారు, మిగతా అర్హతలూ చూస్తారు. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు 4% రిజర్వేషన్ ఉంది. అందులో 1% ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లందరికీ కలిపి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా. పాత ఆదాయపు పన్ను విధానంలో 75,000 మినహాయింపు, తీవ్రమైతే 1,25,000.  యూడీఐడీ కార్డుకు (దేశమంతటికీ ఒకటే దివ్యాంగ గుర్తింపు కార్డు) కూడా దరఖాస్తు చేయండి, రాష్ట్రం దాటినా చెల్లుతుంది.

సర్టిఫికెట్ తీసుకుంటే ఆస్తి హక్కు పోతుందని, బ్యాంకు ఖాతా ఇవ్వరని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. దివ్యాంగులకు అందరితో సమానంగా చట్టపరమైన హక్కులుంటాయని 2016 చట్టం స్పష్టంగా చెప్పింది.

మాది పాలకొండ. ఏ జిల్లా ఆసుపత్రి?

2022 ఏప్రిల్ 4 నుంచి పాలకొండ, పార్వతీపురం ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాయి. సదరం స్లాటు బుక్ చేసేటప్పుడు మీ సచివాలయంలో ఏ ఆసుపత్రి చూపిస్తోందో చూసుకోండి. నిర్ధారణకు మాత్రం ఆ హద్దులు లేవు, శ్రీకాకుళమైనా విజయనగరమైనా విశాఖైనా వెళ్లొచ్చు.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడా ఇలాగే ఉంటుందా?

అక్కడ లిస్టు ఉంటుంది, అదీ పొడవుగానే ఉంటుంది. డాక్టరు రాసి పంపిన మూడు నెలల్లోపు అసెస్‌మెంట్ మొదలవ్వాలని అక్కడి జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆచరణలో ఏళ్లు పడుతున్నవాళ్లు చాలామంది. ఇంగ్లండ్‌లో తను వెళ్లే సంస్థను ఎంచుకునే హక్కు ఉంటుంది, దాని గురించి వాళ్ల జీపీని, అంటే అక్కడి కుటుంబ డాక్టరును అడగమనండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చిన్నప్పటి వివరాలు తెలుగులో రాయించుకుని ఇంగ్లిషులోకి మార్పించుకుని వెళ్తే మంచిది, అక్కడా తల్లిదండ్రుల మాట అడుగుతారు.

ఇంతా చేసి "ఆటిజం కాదు" అని వస్తే?

రావచ్చు. అప్పుడు మూడు అడగండి. ఆటిజం కాకపోతే ఈ ఇబ్బందులకు కారణం ఏమనుకుంటున్నారు? దానికి ఏం చేయాలి? ఏ ఆధారాల మీద కాదనుకున్నారో రిపోర్టులో రాశారా? ఏడీహెచ్‌డీ అనో సామాజిక భయం అనో తేలితే వాటికి చికిత్సలున్నాయి, మొదలుపెట్టండి. చిన్నప్పటి సమాచారం చాలక తేల్చలేకపోయామని రాస్తే, అది దొరికాక మళ్లీ వెళ్లొచ్చు. రిపోర్టు ఒరిజినల్ ఇంట్లోనే ఉంచి, ఎక్కడికి వెళ్లినా జిరాక్సులే ఇవ్వండి.